1983 ఆల్ జపాన్ ఎండ్యూరెన్స్ తొలి సీజన్: 600 లీటర్లతో 1000 కి.మీ., సిమ్‌లో ఎలా పెట్టాలి?

పిట్‌లేన్_ప్రసాద్
మా ఆన్‌లైన్ రేసింగ్ లీగ్‌లో వచ్చే విడతకి 1983 జపాన్ సీజన్ ఖాయమైంది. ఆల్ జపాన్ ఎండ్యూరెన్స్ ఛాంపియన్‌షిప్ మొదలైన ఏడాది అది. అసెట్టో కోర్సా అనే రేసింగ్ సిమ్ గేమ్‌లో పోర్షే 956 కారు మోడ్ (అభిమానులు చేసిన అదనపు ఫైల్) ఉంది, చివరి మలుపులో చికేన్ (వేగం తగ్గించే మెలిక) లేని పాత ఫుజి ట్రాక్ మోడ్ కూడా దొరికింది. చిక్కంతా ఫ్యూయెల్ రూలుతోనే. పెట్రోలు వాడకానికి పరిమితి ఉన్న అప్పటి రేసు కార్ల క్లాస్ గ్రూప్ సి. దాని లెక్క ప్రకారం ట్యాంకు 100 లీటర్లు, 1000 కి.మీ. రేసుకి 5 సార్లే పోయించుకోవాలి. అదే పెట్టి ట్రయల్ నడిపితే అందరూ బూస్ట్ నాబ్ (టర్బో గాలి ఒత్తిడిని పెంచే మీట) చివరిదాకా తిప్పి, ఎక్కడా కాలు ఎత్తకుండా 5 స్టాపుల్లోనే ముగించేశారు. పొదుపు చెయ్యాల్సిన అవసరమే ఎవరికీ రాలేదు. అలాంటప్పుడు దీన్ని గ్రూప్ సి అనడం దేనికి? ఏం మారిస్తే ఆ ఒత్తిడి వస్తుంది?

లెక్కల_మాస్టారు
ముందు అంకెలు తేల్చుకోండి. పాత ఫుజి ల్యాపు 4.359 కి.మీ. 1000 కి.మీ. కావాలంటే 230 ల్యాపులు. ట్యాంకు నిండా బయల్దేరి 5 సార్లు నింపితే కాగితం మీద 600 లీటర్లు, ల్యాపుకి 2.61.

కానీ కాగితం మీది 600 ఎప్పుడూ చేతికి రాదు. ట్యాంకు అడుగున కొంత మిగిలిపోతుంది, పంపు దాన్ని లాగలేదు. 3 లీటర్లు అనుకోండి. అప్పుడు ఒక్కో స్టాపులో పట్టేది 97. మొత్తం 100 + 485 = 585, చివర్లో అడుగున ఉండిపోయే 3 తీసేస్తే 582. ల్యాపుకి 2.53. మీ రేసు ఈ అంకె మీద నిలబడాలి.

బూస్ట్_బాబు
మాస్టారి లెక్క పెట్టడం తేలికే. కారు డేటాలో మ్యాక్స్ ఫ్యూయెల్‌ని 100 బదులు 97 చెయ్యండి. 97 × 6 = 582. గేమ్‌లో ట్యాంకు చివరి చుక్కదాకా వాడుకోనిస్తుంది కాబట్టి ఇలా కోస్తేనే సరిపోతుంది.

సుజుకా_సూరి
ట్యాంకు ఒక్కటీ కోస్తే చాలదు. ప్రసాద్ గారి ట్రయల్ ఎందుకు అలా అయిందో చెప్తా. గేమ్ అసలు ఫిజిక్స్‌లో ఖర్చు సూత్రం ఇది: ఆర్‌పీఎం × గ్యాస్ పెడల్ × కన్సంప్షన్ అంకె, దాన్ని 1000తో భాగిస్తే సెకనుకి లీటర్లు. ఇందులో టర్బో బూస్ట్ ఎక్కడా లేదు! 0.9 బార్‌లో నడిపినా 1.4 బార్‌లో నడిపినా ఖర్చు ఒక్కటే. నిజం కారులో బూస్ట్ పెంచితే సిలిండర్‌లోకి గాలి ఎక్కువ పోతుంది, దానికి తగ్గ పెట్రోలూ పోవాలి. గ్రూప్ సి పోటీ అంతా ఆ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది. సిమ్‌లో మీ వాళ్లకి అది ఉచితంగా దొరికింది, నాబ్ తిప్పేశారు.

కాబట్టి ఇంజన్ ఫైల్‌లో టర్బో విభాగం తెరిచి కాక్‌పిట్ అడ్జస్టబుల్‌ని 0 చెయ్యండి. బూస్ట్ 1.1 దగ్గర బిగించండి.

బూస్ట్_బాబు
నాబ్ తీసేస్తే 956లో మిగిలేదేంటి సూరి అన్నా? ఆ కారు డ్రైవర్ చేతిలో ఉన్న ఆయుధమే అది. ఓవర్‌టేక్‌కి పెంచాలి, దాటాక తగ్గించాలి. తీసెయ్యకుండా దానికి వెల కట్టొచ్చు. అదే ఇంజన్ ఫైల్‌లో డ్యామేజ్ విభాగం ఉంటుంది. టర్బో బూస్ట్ థ్రెషోల్డ్ 1.2 పెట్టి, టర్బో డ్యామేజ్ గుణకం కొంచెం పెంచండి. అప్పుడు రెండు మూడు ల్యాపులు 1.3 వాడినా బతుకుతుంది, ఒక స్టింట్ (రెండు పిట్ స్టాపుల మధ్య నడిపేది) మొత్తం వాడితే ఇంజన్ పోతుంది. సర్వర్‌లో డ్యామేజ్ శాతం 0 ఉంటే ఇదేదీ పనిచెయ్యదు, అది మర్చిపోవద్దు.

సుజుకా_సూరి
ఇంజన్ పోవడం వేరు, పెట్రోలు అయిపోవడం వేరు బాబూ. అప్పట్లో బూస్ట్‌కి శిక్ష మొదట ఫ్యూయెల్ గేజ్‌లో కనిపించేది. నీ పద్ధతిలో డ్రైవర్ గేజ్ చూడడు, ఇంజన్ ప్రాణం చూస్తాడు. నా ఓటు బిగించడానికే.

956_కిరణ్
ఇద్దరూ చెప్పింది పెట్టొచ్చు: రేసుకి బిగించండి, క్వాలిఫయింగ్‌కి వదిలెయ్యండి. అసలు జరిగిందీ అదే. 1983 అక్టోబర్ 2న ఫుజి 1000 కి.మీ.కి ష్టెఫాన్ బెలోఫ్ పోర్షే ఫ్యాక్టరీ టీమ్ రాత్మన్స్ 956లో పోల్ (గ్రిడ్‌లో మొదటి స్థానం) కొట్టింది 1 నిమిషం 10.02 సెకన్లతో. సగటున గంటకి 224 కి.మీ. ఆ ల్యాపులో పెట్రోలు గురించి ఎవరూ ఆలోచించరు. రేసులో అదే కారుకి బూస్ట్ తగ్గించి డెరెక్ బెల్, బెలోఫ్ కలిసి గెలిచారు.

ఈ రూలు పోర్షేనే ఎలా దెబ్బ కొట్టిందో 1982లో సిల్వర్‌స్టోన్ చూస్తే తెలుస్తుంది. 956కి అది మొదటి రేసు. పెట్టింది 6 గంటల రేసు, ఇచ్చింది మాత్రం 1000 కి.మీ.కి సరిపడా 600 లీటర్లే. ఆరు గంటల్లో ఈ కార్లు అంతకంటే ఎక్కువ దూరం పోతాయి. పోర్షే డ్రైవర్లు ఇక్స్, బెల్ చివరికి నెమ్మదిగా నడిపి రెండో స్థానంతో సరిపెట్టుకున్నారు. గెలిచిన లాన్సియా ఎల్‌సీ1 పాత గ్రూప్ 6 కారు, దానికి ఫ్యూయెల్ పరిమితి లేదు. అందుకే ప్రసాద్ గారూ, రేసుని గంటల్లో పెట్టొద్దు. కిలోమీటర్లలోనే పెట్టండి.

ఫుజి_అభిమాని
సెట్టింగుల సంగతి సరే గానీ ఈ సీజనే ఎందుకు ఎంచుకున్నారో నాకు అర్థం కాలేదు. ట్రస్ట్ అనే జపాన్ టీమ్ వాళ్లు 956 కొన్నారు, వచ్చారు, గెలిచారు. కథ అంతే. 1990 పెట్టుకుంటే నిస్సాన్, టొయోటా, పోర్షే ముగ్గురూ కొట్టుకుంటారు.

గేర్‌బాక్స్_గీత
1990లో నిస్సాన్ ఆర్90సీపీతో గెలిచిందంటే దానికి దారి 1983లోనే పడింది. ఆ ఏడాది గ్రిడ్ ఒకసారి చూడండి. టొయోటా వైపు టామ్స్ 83సి, డోమ్ కట్టిన చాసీ, 4టీ-జీటీ అనే 2.1 లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో. నిస్సాన్ వైపు ఎల్‌జెడ్20బి, అదీ 2.1 లీటర్లే, అదీ నాలుగు సిలిండర్ల టర్బోనే. స్కైలైన్, సిల్వియా, ఫెయిర్‌లేడీ పేర్లతో గ్రూప్ సి కార్లు దిగాయి. పేర్లు రోడ్డు కార్లవి, లోపల ఉన్నది పూర్తిగా రేసు చాసీ.

వీటికి ఎదురు నిలిచిన 956 ఇంజన్ 2.65 లీటర్లు, ఆరు సిలిండర్లు, రెండు టర్బోలు, 620 హార్స్‌పవర్ దరిదాపు. అదే పవర్ 2.1 లీటర్లలోంచి పిండాలంటే బూస్ట్ బాగా పెంచాలి. బూస్ట్ పెరిగితే సిలిండర్‌లో వేడి పెరుగుతుంది, నాకింగ్ (పెట్రోలు మిశ్రమం తనంతట తానే పేలడం) మొదలవుతుంది. నాకింగ్ ఆపాలంటే రెండే మార్గాలు: బూస్ట్ తగ్గించడం, లేదా మిశ్రమంలో పెట్రోలు పెంచి చల్లబరచడం. మొదటిది చేస్తే వేగం పోతుంది, రెండోది చేస్తే 600 లీటర్లు చాలవు. రెండూ చెయ్యకపోతే పిస్టన్‌కి చిల్లు పడుతుంది. చిన్న ఇంజన్ ఈ రూలులో ఇరుక్కునేది సరిగ్గా అక్కడే. 1983 ఆసక్తి లేని సీజన్ అంటే నేనొప్పుకోను. ఇంజన్ పరిమాణం ఎంత ముఖ్యమో జపాన్ కంపెనీలకి ఖర్చుపెట్టి నేర్పిన ఏడాది అది.

ఫుజి_అభిమాని
నేర్చుకున్నారు సరే, గెలవడానికి ఏడేళ్లు పట్టింది కదా గీత గారూ. మధ్యలో కునిమిత్సు తకహాషి కూడా పోర్షేతోనే 1983 నుంచి వరసగా గెలిచాడు.

956_కిరణ్
1983 టైటిల్ తకహాషిది కాదు. ట్రస్ట్ 956తో వర్న్ షుప్పన్‌ది, పక్కన నడిపింది నావోహిరో ఫుజిటా. తకహాషి టైటిళ్లు 1985, 86, 87, మళ్లీ 89. అడ్వాన్ రంగుల్లోని 962సి ఆయనది. 1961లో హోండా 250తో మోటార్‌సైకిల్ గ్రాండ్ ప్రీ గెలిచిన మొదటి జపాన్ రైడర్ కూడా ఆయనే.

షుప్పన్ సంగతి చెప్పుకోవాల్సిందే. అదే 1983 జూన్‌లో ల మాన్ 24 గంటలు గెలిచాడు, హోల్బర్ట్, హేవుడ్‌లతో. చివరి గంటల్లో ఆ కారు ఎడమ తలుపు ఊడిపోయింది. 956లో సిలిండర్లకి గాలి, హెడ్‌లకి నీళ్లు. నీళ్ల రేడియేటర్లు పక్కల్లో ఉంటాయి. తలుపు పోయాక గాలి వరస దెబ్బతిని ఆ పక్క వేడెక్కింది. చివరి ల్యాపులో ఇంజన్ పొగలు కక్కి పట్టేసినంత పనైంది. అయినా గీత దాటింది. ఆ తర్వాత రెండు నెలలకే షుప్పన్, ఫుజిటా సుజుకా 1000 కి.మీ. గెలిచారు.

పిట్‌లేన్_ప్రసాద్
ట్రస్ట్ కారుకీ రాత్మన్స్ కారుకీ సిమ్‌లో తేడా పెట్టాలా? మా దగ్గర ఒకటే మోడ్ ఉంది.

956_కిరణ్
పెట్టాలి. 1983లో అమ్మిన 956ల్లో ఉన్నది మెకానికల్ ఇంజెక్షన్. ఎంత పెట్రోలు పోవాలో పంపు లోపలి క్యామ్ ఆకారమే తేలుస్తుంది. గాలి వేడెక్కినా చల్లబడినా అది సొంతంగా సర్దుకోదు. కాబట్టి ఇంజన్ కాలిపోకుండా కొంచెం రిచ్‌గానే (పెట్రోలు పాలు ఎక్కువగా) పెట్టుకోవాలి, అంటే ఖర్చు ఎక్కువ. బాష్ మోట్రానిక్ ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ మొదట ఫ్యాక్టరీ కార్లకి వచ్చింది, కొనుక్కున్న టీములకి 1984లో 956బితో అందింది. మోడ్‌ని రెండు ఫోల్డర్లుగా కాపీ చేసి, కస్టమర్ కారుకి కన్సంప్షన్ అంకె 3 శాతం ఎక్కువ పెట్టండి చాలు.

సుజుకా_సూరి
ఫోల్డర్ కాపీ చేసేటప్పుడు జాగ్రత్త. డేటా ప్యాక్ విప్పి ఫోల్డర్‌గా మార్చాక, పాత ప్యాక్ ఫైల్ తీసెయ్యండి, లేకపోతే గేమ్ దాన్నే చదువుతుంది. ఫోల్డర్ పేరు కూడా మార్చండి. సర్వర్‌లో ఉన్నదీ ప్రతి డ్రైవర్ దగ్గర ఉన్నదీ అక్షరం తేడా లేకుండా ఒకటే కావాలి. లేదంటే చెక్‌సమ్ (ఫైళ్లు ఒకటేనా అని సర్వర్ చూసే అంకె) కలవక బయటికి నెట్టేస్తుంది. రేసు రోజు సాయంత్రం ఎవరో ఒకరు "జాయిన్ అవ్వట్లేదు" అంటారు చూడండి, తొంభై శాతం ఇదే కారణం.

లెక్కల_మాస్టారు
ఇప్పుడు కన్సంప్షన్ అంకె. ఒకరు 10 ల్యాపులు ఎక్కడా కాలు ఎత్తకుండా, రేసు బూస్ట్‌లో నడపాలి. ఖర్చైన లీటర్లని 10తో భాగించండి. 2.2 వచ్చిందనుకుందాం. మీకు కావాల్సింది 2.53 కాదు, గమనించండి! అది పెడితే ఫుల్ గ్యాస్‌లో సరిగ్గా సరిపోతుంది, మళ్లీ పొదుపు లేదు. ఫుల్ గ్యాస్‌లో 2.75 తాగేలా పెట్టండి. పాత అంకెని 2.75 ÷ 2.2 = 1.25తో గుణిస్తే అయిపోతుంది. అప్పుడు 230 ల్యాపులకి 632 లీటర్లు కావాలి, ఉన్నది 582. ఆ 50 లీటర్లు డ్రైవర్ తన కాలితో మిగుల్చుకోవాలి.

బూస్ట్_బాబు
8 శాతం చాలా ఎక్కువ మాస్టారూ. కొత్త కుర్రాళ్లు చివరి స్టింట్‌లో ఆరు ల్యాపుల ముందే ఆగిపోతారు. 5 శాతం పెట్టండి.

గేర్‌బాక్స్_గీత
ఆగిపోనివ్వండి. ఎండ్యూరెన్స్‌లో అది కూడా ఫలితమే.

లెక్కల_మాస్టారు
8 శాతం అంటే భయపడేంత కాదు బాబూ. ల్యాపుకి 0.22 లీటర్లు. ఫుజిలో ల్యాపుకి ఓ 50 సెకన్లు ఫుల్ గ్యాస్ మీద ఉంటారనుకుంటే సెకనుకి 0.055. అంటే ల్యాపు మొత్తంలో 4 సెకన్లు కాలు ఎత్తితే చాలు.

సుజుకా_సూరి
ఆ 4 సెకన్లు ఎక్కడ ఎత్తాలన్నదే అసలు విద్య. మెయిన్ స్ట్రెయిట్ కిలోమీటరున్నర, చివర్లో 300 దాటుతుంది. బ్రేకు గుర్తుకి సెకను ముందు కాలు ఎత్తితే 80 మీటర్ల పైచిలుకు కారు తనంతట తనే జారుతుంది. ఆ వేగంలో గాలే సగం బ్రేకు, పోయే సమయం తక్కువ. అదే సెకను హెయిర్‌పిన్ నుంచి బయటికొచ్చేటప్పుడు ఎత్తితే తర్వాతి స్ట్రెయిట్ మొత్తం నెమ్మదే. కాబట్టి పొదుపు ఎప్పుడూ స్ట్రెయిట్ చివర్లో, మొదట్లో ఎప్పుడూ వద్దు.

ఇంకొకటి. సూత్రంలో ఆర్‌పీఎం ఉంది కదా, 8,200 దగ్గర మార్చే గేరు 7,600 దగ్గర మార్చండి. నాలుగు నుంచి ఐదుకి మాత్రమే చేసినా తేడా కనిపిస్తుంది. 100ఆర్ లాంటి పొడుగు కుడి మలుపులో సగం గ్యాస్ మీద ఐదో గేర్‌లో పోనివ్వండి, ముందు టైర్లకి కూడా మంచిది.

పిట్‌లేన్_ప్రసాద్
పిట్‌లో పోసే వేగం ఎంత పెట్టాలి? ఇప్పుడు 97 లీటర్లు 20 సెకన్లలో పడిపోతున్నాయి.

956_కిరణ్
అది పూర్తిగా తప్పు. అప్పటి రూలు నిమిషానికి 50 లీటర్లు. కారు ఫైల్ పిట్ స్టాప్ విభాగంలో లీటరుకి ఎన్ని సెకన్లో పెట్టే గడి ఉంది, అక్కడ 1.2 రాయండి. 97 లీటర్లకి 116 సెకన్లు. దాదాపు రెండు నిమిషాలు కారు కదలదు, టైర్ల మార్పు ఆ లోపలే అయిపోతుంది. అందుకే అప్పటి గ్రూప్ సి లో పిట్ సిబ్బంది వేగంతో రేసు గెలవడం కష్టం.

లెక్కల_మాస్టారు
స్టాపుల లెక్కలో మీ వాళ్లు మొదట పడే గుంట చెప్తా. ఇక్కడ పరిమితి లీటర్ల మీద కాదు, సార్ల మీద. ట్యాంకులో 20 లీటర్లు ఉండగా పోయించుకోడానికి వస్తే పట్టేది 77 మాత్రమే. మిగిలిన 20 మళ్లీ ఎప్పటికీ రాదు, అది దాదాపు 8 ల్యాపుల పెట్రోలు. మామూలు రేసుల అలవాటుతో ఎల్లో ఫ్లాగ్ చూసి లోపలికి పరిగెత్తేవాళ్లు ఇక్కడ మునుగుతారు. పంక్చర్ అయితే రండి, టైరు మార్చుకోండి, ఫ్యూయెల్ 0 పెట్టి వెళ్లిపోండి. అది లెక్కలోకి రాదు.

230ని ఆరుతో భాగిస్తే 38.33. నాలుగు స్టింట్లు 38, రెండు 39. ఆ 39లు ముందే పెట్టుకోండి. చివరికి వదిలేస్తే వెనకవాడు తరుముతుంటే పొదుపు చెయ్యలేరు.

రోటరీ_రమణ
మాజ్డా గురించి ఎవరూ మాట్లాడలేదు. గ్రూప్ సి జూనియర్ క్లాస్ (చిన్న కార్ల విభాగం) పెట్టకుండా 1983 ఏంటి? మాజ్డా కారు 717సి, దాంట్లో 13బి రెండు రోటర్ల ఇంజన్, టర్బో లేదు. ఆ ఏడాది ల మాన్‌లో క్లాస్ గెలిచింది, మొత్తం మీద 12వ స్థానం, కతయమ, తెరదా, యోరినో. రెండో 717సి కూడా చివరిదాకా నడిచింది. జూనియర్‌కి కనీస బరువు 700 కిలోలు, ట్యాంకు 55 లీటర్లు, 1000 కి.మీ.కి 330 లీటర్లు. ఫుజిలో ల్యాపుకి 1.43. టర్బో లేదు కాబట్టి సూరి చెప్పిన బూస్ట్ గొడవే ఉండదు, గేమ్ సూత్రం దీనికి చక్కగా సరిపోతుంది. నింపడానికి 66 సెకన్లే.

ఫుజి_అభిమాని
ఇది నచ్చింది. రెండు క్లాసులుంటే ట్రాఫిక్ ఉంటుంది, అప్పుడు పొదుపు లెక్క తప్పుతుంది. రేసు రంజుగా ఉంటుంది.

రోటరీ_రమణ
అదే కదా. 956 వాడు 717ని దాటడానికి స్ట్రెయిట్ చివర్లో కాలు ఎత్తకుండా పోతాడు, ఆ ల్యాపు పొదుపు గల్లంతు.

నగోయా_నాని
సుజుకా రౌండ్‌కి ఒక మాట. 1000 కి.మీ. అక్కడ ఆగస్టు చివర్లో. ఎండ, ఉక్క. ఇంటర్‌కూలర్‌లోకి వెళ్లే గాలే వేడిగా ఉంటే ఇంజన్‌కి పోయే గాలి పలచబడుతుంది, పవర్ తగ్గుతుంది, నాకింగ్ దగ్గరపడుతుంది. సర్వర్‌లో గాలి ఉష్ణోగ్రత 33 దాకా పెట్టండి, ట్రాక్ 45 పైన. టైర్లు రెండు స్టింట్లు రావు. ట్రాక్ మోడ్ కూడా చూసుకోండి, చివరి మలుపు ముందు చికేన్ ఉండాలి. అది 1983లోనే కట్టారు.

పిట్‌లేన్_ప్రసాద్
ఫుజిలో కూడా చివర్లో చికేన్ ఉన్న మోడ్‌లు ఎక్కువ. అదెప్పుడు వచ్చింది?

956_కిరణ్
1984కి. కారణం బాధాకరమైనది. ఫుజి 1000 కి.మీ. అయిన మూడు వారాలకి, 1983 అక్టోబర్ 23న అక్కడే గ్రాండ్ ఛాంపియన్ అనే వేరే సిరీస్ చివరి రేసులో తోరు తకహాషి (కునిమిత్సు కాదు, వేరే ఆయన) కారు చివరి మలుపులో గాల్లోకి లేచి కంచెకి కొట్టుకుంది. ఆయనా ఒక ప్రేక్షకుడూ చనిపోయారు. గ్రౌండ్ ఎఫెక్ట్ కారు నేలకి అతుక్కుని ఉన్నంతసేపే దానికి పట్టు. అడుగు భాగం ఒక్కసారి పైకి లేస్తే కింద దూరే గాలి దాన్ని విసిరేస్తుంది. ఆ మలుపు నుంచి పూర్తి వేగంతో స్ట్రెయిట్‌లోకి రావడం ఆ తర్వాత ఆపేశారు. అందుకే బెలోఫ్ 1:10.02ని ఎవరూ మళ్లీ తాకలేదు, ఆ ట్రాకే లేకుండా పోయింది. మీ మోడ్‌లో ఆ మలుపుని మాత్రం ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు.

గేర్‌బాక్స్_గీత
సెటప్ విషయంలో కూడా ఇది పనికొస్తుంది. వెనక రైడ్ హైట్ మరీ పైకి, ముందు మరీ కిందికి పెట్టి తిప్పుకునేవాళ్లు ఉంటారు. చివరి మలుపులో కర్బ్ ఎక్కారంటే కారు వెనక్కి తిరుగుతుంది. ముందు వెనక తేడా తక్కువే ఉంచండి, స్ప్రింగులు గట్టిగా.

బూస్ట్_బాబు
సరే, 8 శాతానికి నేనూ ఒప్పుకుంటున్నా. కానీ 230 ల్యాపులంటే 1:17 సగటుతో 4 గంటల 55 నిమిషాలు, పిట్‌లు కలిపితే ఐదు గంటలు దాటుతుంది. ఆదివారం రాత్రి ఎవరు కూర్చుంటారు?

లెక్కల_మాస్టారు
500 కి.మీ. పెట్టండి. 115 ల్యాపులు, 2 సార్లు పోయించుకోవడం, మూడు ట్యాంకులు. 97 × 3 = 291, 115తో భాగిస్తే మళ్లీ 2.53. ఏ అంకే మార్చక్కర్లేదు. స్టింట్లు 39, 38, 38. మాజ్డా వాళ్లకీ 2 సార్లే.

పిట్‌లేన్_ప్రసాద్
అయితే ఇలా రాసుకుంటున్నా: రెండు ఫోల్డర్లు 956కి, ఒకటి 717సికి. రేసులో బూస్ట్ 1.1 దగ్గర బిగింపు, క్వాలిఫయింగ్‌కి నాబ్ వదిలిన వేరే కాపీతో వేరే సెషన్. ట్యాంకు 97, లీటరుకి 1.2 సెకన్లు. మొదటి రౌండ్ ఫుజి 500 కి.మీ., సుజుకా మాత్రం పూర్తి 1000, ఇద్దరు డ్రైవర్లు. మూడోసారి పోయించుకున్నవాడిని ఫుజిలో ఏం చెయ్యాలి? సర్వర్ అయితే ఆపదు.

సుజుకా_సూరి
ఆపదు, మీరే లాగ్ చూసి తేల్చాలి. డిస్‌క్వాలిఫై చెయ్యండి. టైమ్ పెనాల్టీ పెడితే 60 సెకన్లు కొనుక్కుని బూడిదయ్యేలా తొక్కేవాళ్లు తయారవుతారు. పెట్రోలు అయిపోయి ట్రాక్ పక్కన ఆగినవాడికి మాత్రం పూర్తి చేసిన ల్యాపుల లెక్క ఇవ్వండి.